ఫ్యూజు ఎవరి కోసం?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1993 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగం పాఠం)



నాకు మైకు ముందు నిలబడే అలవాటు లేదు. నేను వైర్లు గుంజే మనిషిని. కమిటీవాళ్లు ఫోన్ చేసి “గల్ఫ్‌లో బండ్లకు సోలారు, లిథియం బ్యాటరీలు పెట్టినవట గదా, దాని గురించి పది నిమిషాలు చెప్పు” అన్నారు. డాక్టర్లు, ఇంజనీర్లు, కలెక్టరాఫీసు పెద్దలు ఉన్న ఈ సభలో నన్నూ పిలిచినందుకు కృతజ్ఞతలు. పని గురించి చెబుతాను. దాంతోపాటు నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెబుతాను. ఆ తప్పు చెప్పకుండా పని గురించి చెబితే అది సగం అబద్ధమే అవుతుంది.

మా తొమ్మిదో తరగతిలో ఫిజికల్ సైన్సు సారు ఒకరోజు మూడు టార్చిలైటు సెల్లులు, సిగరెట్ పెట్టెలో ఉండే వెండికాగితం ముక్క తెచ్చారు. కాగితాన్ని సన్నగా దారంలా కత్తిరించి సెల్లులకు రెండు వైపులా ఆనించారు. అది చురుక్కుమని ఎర్రబడి తెగిపోయింది. “ఇదే ఫ్యూజు. ఇప్పుడు చెప్పండి, ఫ్యూజు ఎవరి కోసం?” అని అడిగారు. నేను చెయ్యెత్తి “బల్బు కోసం సార్” అన్నాను. సారు నవ్వి, “కాదురా. ఫ్యూజు తీగ కోసం. తీగ ఎంత కరెంటు మోయగలదో అంతకు మించి పోతుంటే, తీగ కాలకముందే తను తెగిపోవాలె” అన్నారు. నేను రాసుకున్నాను. పరీక్షలో రెండు మార్కులు కూడా వచ్చాయి. రాసుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు అని తెలియడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

అదే ఏడాది ఎండాకాలంలో మా కాక పసుపు చేలో మోటరు కాలిపోయింది. అప్పటి కరెంటు సంగతి మీకందరికీ తెలుసు. రాత్రి రెండింటికి వచ్చేది, మూడు ఫేజుల్లో ఒకటి ఉండేది కాదు, వోల్టేజి సగమే. స్టార్టరు మాటిమాటికీ కొట్టేస్తుంటే విసిగిపోయిన కాక, ఓవర్‌లోడ్ రిలే వైర్లు రెండూ కలిపేసి “డైరెక్టు” చేశాడు. వారం రోజులు మోటరు బ్రహ్మాండంగా నడిచింది. ఎనిమిదో రోజు పొగ వచ్చింది. స్టార్టరు కొట్టేయడం అంటే మోటరును కాపాడడమే అని అప్పుడు ఎవరికీ తోచలేదు. వైండింగు చేయించడానికి పైసలు కుదిరే లోపల పంట ఎండింది. ఆ అప్పు మా ఇంటిదాకా వచ్చింది.

సెలవుల్లో సిరిసిల్లలో మా మేనమామ ఇంటికి పోయేవాణ్ణి. అక్కడ మరమగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగిందంటే కరెంటు పోయినట్టు. అందరూ బయటికొచ్చి అరుగు మీద కూర్చునేవారు. మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది. ఆ సిరిసిల్లలోనే 1970 నుంచి సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనందరి నోట్లో “సెస్”, ఉంది. కరెంటు వాడుకునేవాళ్లే అందులో సభ్యులు. “కరెంటు మనదే, మగ్గం మనదే, అయినా చేతిల లేదు” అనేవాడు మామ. కరెంటును దాచిపెట్టుకునే ఉపాయం ఉంటే ఎంత బాగుండు అని నాకు మొదటిసారి అనిపించింది ఆ అరుగు మీదే.

పదో తరగతి తర్వాత జగిత్యాలలో మోటరు వైండింగు దుకాణంలో చేరాను. ఆరేళ్లు పనిచేసి, ఇక్కడున్న చాలామందిలాగే పాస్‌పోర్టు చేతపట్టుకొని విమానం ఎక్కాను. సైట్లలో హెల్పరు, తర్వాత ఎలక్ట్రీషియను. 2011లో ఖతర్‌లో క్యారవాన్లు రిపేరు చేసే ఒక వర్క్‌షాపులో పని దొరికింది.

క్యారవాను అంటే చక్రాల మీద ఇల్లు. కారు వెనక కట్టి లాక్కుపోతారు. లోపల మంచాలు, చిన్న వంటగది, ఫ్రిజ్, నీళ్ల మోటరు అన్నీ ఉంటాయి. అక్కడ చలికాలం వచ్చిందంటే కుటుంబాలు ఎడారిలో గుడారాలు, క్యారవాన్లు వేసుకొని నెలల తరబడి ఉంటాయి. దోహాకు దక్షిణాన సీలైన్ అనే చోట ఇసుకదిబ్బలు, పక్కనే సముద్రం. అక్కడ కరెంటు స్తంభం ఉండదు. జనరేటరు రాత్రంతా మోగుతుంటే పక్కవాళ్లకు నిద్ర ఉండదు. అందుకే మెల్లగా అందరూ సోలారు, లిథియం వైపు వచ్చారు.

ఇక్కడ లిథియం గురించి రెండు మాటలు. మన ఇన్వర్టర్ల కింద ఉండే సీసం బ్యాటరీ నూరు ఆంపియర్ అవర్లదైతే, అందులో సగమే వాడుకోవాలి. రోజూ అడుగుదాకా లాగితే తొందరగా చస్తుంది. బరువు ముప్పై కిలోల దగ్గర. అదే సామర్థ్యం ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ బరువు అందులో సగం కంటే తక్కువ. ఎనభై శాతం దాకా నిర్భయంగా వాడుకోవచ్చు. వేల సార్లు చార్జి ఎక్కుతుంది. ఫోన్లలో ఉండే లిథియంతో పోలిస్తే ఇది తొందరగా అంటుకోదు. ఈ ఫాస్ఫేట్ సంగతిని 1997లో లోకానికి చెప్పిన పరిశోధనపత్రంలో జాన్ గుడెనఫ్ పేరుతోపాటు పాధి, నంజుండస్వామి అనే మన దేశపు పేర్లు కూడా ఉన్నాయి. గుడెనఫ్ గారికి 2019లో నోబెల్ వచ్చినప్పుడు ఆయన వయసు 97. యాభై దాటామని ఇక్కడ కొందరు మోకాళ్లు పట్టుకుంటున్నారు గనుక ఈ సంగతి చెప్పాను.

ఇప్పుడు నా తప్పు.

ఒక సీజను మొదలయ్యే ముందు ఒక పెద్ద కుటుంబం క్యారవాను మా దగ్గరికి వచ్చింది. పాత సీసం బ్యాటరీలు రెండు ఉన్నాయి. అవి తీసి లిథియం పెట్టాలి, పైకప్పు మీద సోలారు పలకలు వెయ్యాలి, 2000 వాట్ల ఇన్వర్టరు పెట్టాలి. నాకు అలాంటి పనిలో అదే మొదటిది. యజమానిని అడిగి వాడకం లెక్క రాసుకున్నాను. ఫ్రిజ్ 45 వాట్లు, కంప్రెసరు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే 540. ఫ్యాన్లు రెండు, ఒక్కోటి 25 వాట్లు, పది గంటలు, 500. లైట్లు 150. టీవీ 240. ఫోన్లు 90. నీళ్ల మోటరు 30. గహ్వా కాచుకునే కెటిల్ 1500 వాట్లు, మొత్తం ఇరవై నిమిషాలు, 500. అన్నీ కలిపితే 2050 వాట్ అవర్లు. మన మీటరు భాషలో రెండు యూనిట్లు. 12.8 వోల్టుల నూరు ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో 1280 ఉంటాయి. నాలుగు పెడితే 5120. రెండు రోజులు దుమ్ము లేచి ఎండ రాకపోయినా గడుస్తుంది. రోజుకు ఐదు గంటల మంచి ఎండ లెక్కపెట్టి, వేడికీ దుమ్ముకీ ముప్పై శాతం తీసేసి, 200 వాట్ల పలకలు మూడు చాలనుకున్నాను.

లెక్క తప్పు కాదు. తప్పు తీగ దగ్గర చేశాను. బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు వెళ్లే పాత తీగ 16 చదరపు మిల్లీమీటర్లది. దాన్ని అలాగే ఉంచాను. ఇంట్లో 230 వోల్టుల మీద 1500 వాట్ల వస్తువు ఆరేడు ఆంపియర్లు తీసుకుంటుంది. అదే వస్తువు 12 వోల్టుల బ్యాటరీ మీద నడిస్తే ఇన్వర్టరు నష్టంతో కలిపి 130 ఆంపియర్లు లాగుతుంది. వోల్టు తగ్గితే ఆంపియర్ పెరుగుతుంది. ఆ సంగతి ఇదే బడిలో నల్లబల్ల మీద చూశాను.

పరీక్షకు కెటిల్ పెట్టగానే పాత తీగ మొదట్లో ఉన్న 100 ఆంపియర్ల ఫ్యూజు పోయింది. ఇంకొకటి పెట్టాను. అదీ పోయింది. వాళ్లు మరునాడే బయలుదేరాలి. లావు తీగ దుకాణంలో లేదు, తెప్పించాలంటే వారం. ఫ్యూజు ఉండే చోట రాగిపట్టీ బిగించాను. కెటిల్ మరిగింది, అందరూ సంతోషపడ్డారు. నేను చేసిన పనికి మన భాషలో పేరు “డైరెక్టు చేయడం”. కాక చేసినదే. ఆ క్షణంలో కాక గుర్తుకు రాలేదు.

నాలుగో రాత్రి ఫోన్ వచ్చింది. క్యారవానులో కాలిన వాసన. నేను బండి వేసుకొని సీలైన్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ముసలమ్మ, ముగ్గురు పిల్లలు కంబళ్లు కప్పుకొని ఇసుక మీద కూర్చున్నారు. మంచం కింద తీగ మీది ప్లాస్టిక్ కరిగి చెక్కకు అంటుకుంది. చెక్క నల్లబడింది. ఇంకో పావుగంట అయితే పైనున్న పరుపు అంటుకునేది. ఆ పరుపు మీద పడుకున్నది ఐదేళ్ల పిల్ల. నిద్రలేచి వాసన వస్తోందని చెప్పింది కూడా ఆ పిల్లే.

ఏం జరిగిందంటే, చలి పెడుతోందని ముసలమ్మ చిన్న హీటరు పెట్టుకుంది. 1500 వాట్లదే. కెటిల్ లాగా ఐదు నిమిషాలకు ఆగేది కాదు, గంటసేపు నడిచింది. నా లెక్కలో ఆ హీటరు లేదు. ఎందుకు లేదంటే నేను యజమానిని మాత్రమే అడిగాను. క్యారవానులో ఎక్కువసేపు ఉండేది ఆ ముసలమ్మ. ఆమెను నేను అడగలేదు.

ఇంకొక సంగతి ఆ రాత్రే అర్థమైంది. పాత సీసం బ్యాటరీలతో అదే తీగ ఏళ్ల తరబడి ఎందుకు కాలలేదు? ఎందుకంటే అంత బరువు పడితే సీసం బ్యాటరీ వోల్టేజి కుంగిపోయేది, ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోయేది. బ్యాటరీ బలహీనతే తీగకు కాపలా కాసింది. లిథియం కుంగదు. అడిగినంత ఇస్తూనే ఉంటుంది. దానిలో ఉండే రక్షణ సర్క్యూట్ బ్యాటరీనే చూసుకుంటుంది, నీ తీగను చూసుకోదు. బలమైన బ్యాటరీ తెచ్చి పాత తీగకు కట్టడం అంటే లేగదూడ బండికి పెద్ద ఎద్దులను కట్టినట్టే.

యజమాని నన్ను ఒక్క మాట అనలేదు. “పిల్లలు బాగున్నారు, అల్‌హమ్‌దులిల్లా. నీవు చెయ్యి, ఈసారి సరిగ్గా చెయ్యి” అన్నాడు. తిట్టి ఉంటే నేను మరిచిపోయేవాణ్ణేమో. మరునాడు వర్క్‌షాపులో తప్పు నాదేనని ఒప్పుకొని, మొత్తం విప్పి మళ్లీ వేశాను. జీతంలో కోత పడింది. న్యాయమే.

రెండోసారి చేసిన పని వరుసగా చెబుతాను. ఇళ్లకు, తోటలకు లిథియం పెట్టుకుంటున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, పనికొస్తుంది.

మొదట ఇంటిల్లిపాదినీ అడిగి లెక్క రాశాను. హీటరును జనరేటరు మీదకు మార్చాను. రెండోది, ఇన్వర్టరును బ్యాటరీ పక్కకు తెచ్చి తీగ పొడవు మీటరుకు తగ్గించి, 70 చదరపు మిల్లీమీటర్ల తీగ వేశాను. మూడోది, బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే 200 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. అదీ లిథియం కోసం చేసిన రకం. షార్టయితే ఈ బ్యాటరీ వేల ఆంపియర్లు వదులుతుంది, మామూలు ఫ్యూజు తెగినా దాని మధ్య మంట ఆగదు. నాలుగోది, సోలారు వైపు డీసీ బ్రేకరు పెట్టాను. ఇంట్లో వాడే ఏసీ బ్రేకరు అక్కడ పనికిరాదు. మన ఏసీ కరెంటు సెకనుకు నూరుసార్లు సున్నాకు వస్తుంది, అప్పుడు నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు.

ఐదోది, కారు ఇంజను నుంచి చార్జి అయ్యే వైరు. సీసం బ్యాటరీకైతే నేరుగా కలిపేవాళ్లు. లిథియం ఆకలి ఎక్కువది, నేరుగా కలిపితే కారు ఆల్టర్నేటరు వేడెక్కి పోతుంది. మధ్యలో 30 ఆంపియర్లకు మించనివ్వని డీసీ చార్జరు పెట్టాను. ఆరోది, పాత చార్జరు తీసేశాను. అది సీసం బ్యాటరీ కోసం అప్పుడప్పుడు వోల్టేజి బాగా పెంచుతుంది, లిథియంకు అది హాని. ఏడోది, ప్రతి బోల్టునూ కొలత పానాతో బిగించి, నెల తర్వాత వెళ్లి మళ్లీ చూశాను. వదులు బోల్టు కూడా హీటరే.

అంతా అయ్యాక ముసలమ్మను పిలిచి, ఫ్యూజు చూపించి, “అమ్మా, ఇది పోతే ఎవరినీ మళ్లీ పెట్టనియ్యకు, నన్ను పిలువు” అని వచ్చీరాని అరబీలో చెప్పాను. తర్వాత పదేళ్లలో అలాంటి క్యారవాన్లు చాలా చేశాను. ఒక్క రాగిపట్టీ కూడా మళ్లీ బిగించలేదు.

2022లో తిరిగి వచ్చేశాను. ఇక్కడ కరెంటు కష్టాలు అప్పటిలా లేవు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటలు ఇస్తున్నారు. కానీ స్తంభం లేని చోట్లు ఇంకా ఉన్నాయి. మా జగిత్యాల మామిడితోటలే తీసుకోండి. కాయ దిగే నెలల్లో కాపలా కుటుంబాలు తోటలోనే ఉంటాయి. పాములు, తేళ్లు, చీకటి. మా బావమరిది తోట కోసం ఒక పాత ట్రాలీ మీద రేకుల గది కట్టి చిన్న క్యారవాను చేశాను. ఫ్యాను ఒకటి, బల్బులు మూడు, ఫోకస్ లైటు, నాలుగు ఫోన్లు. రోజుకు అర యూనిట్ కూడా కాదు. నూరు ఆంపియర్ అవర్ల లిథియం ఒకటి, 200 వాట్ల పలక ఒకటి సరిపోయాయి.

అక్కడా ఒక పాఠం నేర్చుకున్నాను. పలకను గది పైకప్పు మీద బిగించాను, మామిడికొమ్మ నీడ పడింది. మూలన కాస్త నీడ పడినా పలక మొత్తం డీలా పడుతుంది. ఇప్పుడు పలకను విడిగా స్టాండు మీద పెట్టి, ఎండలోకి జరుపుకునేలా పది మీటర్ల వైరు ఇచ్చాను. ఆ వైరును కోతులు పీకాయి. ఇనుప పైపులో వేశాను. ఖతర్‌లో దుమ్ము, జగిత్యాలలో కోతులు, ప్రతి ఊరికీ దాని ఇంజనీరింగు దానికుంటుంది.

ఆ గదిలో మొన్న మార్చిలో కాపలాదారు భార్య, “అన్నా, రాత్రి పొల్లగాడు లేస్తే లైటేసి కింద చూసి కాలు పెడుతున్న” అంది. నాకు వచ్చిన సర్టిఫికెట్లన్నిట్లో అదే పెద్దది.

చివరగా మన బడి గురించి. సంఘం తరఫున బడికి సోలారు ఇవ్వాలని అనుకుంటున్నారు. మంచి ఆలోచన, నా కూలీ ఉచితం. కానీ మూడు విన్నపాలు. ఒకటి, పలకల మీద మన బ్యాచ్‌ల పేర్లు రాసుకునేముందు బడి పాత వైరింగు, ఎర్తింగు బాగుచేద్దాం. ఫోటోలో ఎర్తింగు కనపడదు, అయినా మొదటి ఖర్చు దానిదే. రెండు, లెక్క రాసేటప్పుడు హెడ్మాస్టరు గారిని ఒక్కరినే కాదు, మధ్యాహ్న భోజనం వండే అమ్మలను, అటెండరును కూడా అడుగుదాం. మూడు, బ్యాటరీ లేకుండా గ్రిడ్డుకు కలిపే సోలారు పెడితే, కరెంటు పోయినప్పుడు అదీ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాకు తగలకుండా అలా ఏర్పాటు ఉంటుంది. అది తెలియక ఇళ్లమీద పెట్టుకున్నవాళ్లు మోసపోయామనుకుంటున్నారు. బడికి పరీక్షల వేళ లైట్లు, ఫ్యాన్లు కావాలంటే కొంచెమైనా బ్యాటరీ ఉండాలి.

ఇంకొకటి కూడా ఇస్తాను. ఒక శనివారం నా ట్రాలీ గదిని బడి మైదానానికి తెస్తాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు వాళ్ల చేతులతోనే లెక్క వేసి, వాళ్ల చేతులతోనే ఒక ఫ్యూజు కాల్చి చూడాలి. మూడు సెల్లులు, ఒక వెండికాగితం ముక్క చాలు. సారు దగ్గరుండి చూడాలి.

సార్, మీరు అడిగిన ప్రశ్నకు ముప్పై ఏళ్ల కింద తప్పు జవాబు చెప్పాను. ఈ రోజు మీ ముందే మళ్లీ చెబుతున్నాను. ఫ్యూజు తీగ కోసం. తీగ పక్కన పడుకున్నవాళ్ల కోసం.